తుగేలా ఫెర్రీ కాలవ గట్టున: జులూ పల్లెలో ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా?

సీతమ్మధార స్వాతి:
అందరికీ నమస్కారం. జనవరి నుంచి ఆరు నెలలు దక్షిణాఫ్రికాలో పని పడింది, పసిపిల్లల పోషకాహారం మీద సర్వే. డర్బన్‌లో ఉంటాననుకున్నాను. తీరా చూస్తే క్వాజులు-నటాల్‌లో బాగా లోపలికి, మ్సింగా ప్రాంతంలో తుగేలా ఫెర్రీ చుట్టుపక్కల పల్లెల్లో తిరగాలట. నెట్‌లో వెతికితే రెండే కనిపిస్తున్నాయి. ఒకటి చర్మాలు కట్టుకుని డాళ్లు పట్టుకుని నాట్యం చేసే ఫొటోలు, రెండోది టీబీ. మామూలు ఊరు ఎలా ఉంటుందో, ఏం తింటారో, ఎలా పలకరించాలో చెప్పేవాళ్లు దొరకలేదు. అమ్మ భయపడుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కాలవగట్టు:
స్వాతి గారూ, నేను అక్కడ రెండున్నరేళ్లు ఉన్నాను, కాలవ మరమ్మతు పనుల మీద. మాది తెనాలి దగ్గర. ఆ ఊరి గురించి తెలుగులో ఎవరైనా అడుగుతారని అనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది.

గ్రేటౌన్ వరకు చల్లటి కొండలు, పైన్ తోటలు. అక్కణ్ణుంచి ఆర్33 రోడ్డు లోయలోకి దిగుతుంది. దిగేకొద్దీ పచ్చదనం పోయి తుమ్మచెట్లు, నిలువెత్తు కలబందలు, ఎర్రటి రాళ్లు మొదలవుతాయి. మూయి నది దగ్గర కీట్స్ డ్రిఫ్ట్, తర్వాత తుగేలా నది ఒడ్డున మీ ఊరు, ఇంకా పైకి పోతే పొమెరాయ్. అక్కడ జనవరి నడి ఎండాకాలం. 40 డిగ్రీలు దాటిన రోజులు నేను చూశాను. వానలు పడేదీ ఆ నెలల్లోనే, కానీ ఆ లోయలో వాన తక్కువ.

మన ఊళ్లలా వీధులు, రచ్చబండ, గుడి చుట్టూ ఇళ్లు వెతక్కండి. కొండవాలు మీద దూరం దూరంగా ఇళ్ల గుంపులుంటాయి. ఒక్కో కుటుంబం గుంపును ఉముజి అంటారు. అందులో మూడు నాలుగు ఇళ్లు, కొన్ని గుండ్రంగా గడ్డికప్పుతో, కొన్ని రేకులతో. పెద్దకొడుక్కి ఒకటి, వంటకి ఒకటి, అమ్మమ్మకి ఒకటి. వాటికి ఎదురుగా పశువుల దొడ్డి, దాన్ని ఇసిబాయ అంటారు. ఇంటి పెద్ద పోతే సమాధి చేసేది కూడా ఆ దొడ్డి దగ్గరే. అలాంటి ఇళ్ల గుంపులు కొన్ని కలిస్తే ఇసిగోది, దానికి ఒక ఇందునా, అంటే ఆ చోటికి పెద్ద. అలాంటి ఇసిగోదిలు చాలా కలిస్తే ఒక ఇంకోసి, అంటే వంశపారంపర్య పెద్ద. మీ సర్వేకి ముందు ఇందునాని కలవండి. ఆఫీసు కాగితం ఎంత పెద్దదైనా ఆయనకి చెప్పకుండా ఇళ్లకి వెళ్తే ఎవరూ నోరు విప్పరు.

ఇంకో మాట. మొదటి వారంలో నేను ఒక ఇంటికి తిన్నగా లోపలికి నడిచి వెళ్లి కాలవ గురించి అడగడం మొదలుపెట్టాను. గోగో (బామ్మని అలా పిలుస్తారు) మొక్కజొన్న వొలుస్తూ తల ఎత్తలేదు. నాతో వచ్చిన కుర్రాడు చెయ్యి పట్టి వెనక్కి, గేటు బయటికి లాక్కెళ్లాడు. అక్కడ నిలబడి ఆ ఇంటివాళ్ల వంశ బిరుదుతో గట్టిగా పిలిచాడు. వాళ్ల ఇంటిపేరు మ్తెంబు. పిలవాల్సింది "మ్వెలాసే" అని. లోపలి నుంచి జవాబు వచ్చాక వెళ్లాం. వెళ్లగానే నిలబడకుండా చాప మీద కూర్చున్నాం, పెద్దావిడ పలకరించేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత ఆవిడ గంటసేపు మాట్లాడింది. ఎవరైనా ఏదైనా ఇస్తే రెండు చేతులతో అందుకోండి, లేదా కుడి మోచేతి కింద ఎడమ చెయ్యి ఆనించి. అది మనకి అలవాటే.

భాషాపిపాసి:
ఆ బిరుదుల్ని ఇజితకజెలో అంటారు. ప్రతి ఇంటిపేరుకీ పూర్వీకుల పేర్ల దండ ఒకటి ఉంటుంది. ఖుమాలో ఇంటిపేరు వాళ్లని మ్న్తుంగ్వా అంటే ముఖం వికసిస్తుంది. ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లి చేసుకోరు, బిరుదు కలిసినా చేసుకోరు. మన ఇంటిపేరు, గోత్రం చూసే పద్ధతి తెలిసినవాళ్లకి ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

పలకరింపు "సావుబోనా", అంటే నిన్ను చూశాం. పెద్దవాళ్లకీ, నలుగురికీ "సానిబోనాని". మన నువ్వు, మీరు తేడా లాంటిదే. జవాబు "యెబో".

భాషకి భయపడకండి. జులూ మాటలు కూడా తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి. మనం బస్‌ని బస్సు చేసుకున్నట్టు వాళ్లు ఇభాసి చేసుకున్నారు, స్కూలు ఇసికోలె అయింది, కాఫీ ఇకోఫి. కష్టమైనవి మూడు క్లిక్ శబ్దాలు. జాలిపడినప్పుడు నాలుక పళ్లకి తగిలించి మనం చేసే "చ్చ్చ్", అది ఒకటి. ఎడ్లని అదిలించేటప్పుడు బుగ్గ పక్కనుంచి చేసే శబ్దం రెండోది. మూడోది అంగిట్లో నాలుక టప్పున కొట్టేది. ఈ శబ్దాలన్నీ మన నోట్లో ఉన్నవే. మనం మాటల మధ్యలో వాడం, వాళ్లు వాడతారు.

నల్లగొండ నర్సన్న:
మంచిగ చెప్తున్నరు. నాకొక సందేహం. ఇంత మర్యాద, ఇంత వంశం లెక్క ఉన్నోళ్లు పెళ్లికి పిల్లను ఆవులకు అమ్ముకుంటరని చదివిన. నిజమేనా? ఎన్ని ఆవులు?

కాలవగట్టు:
నర్సన్నా, "అమ్ముకుంటారు" అనే మాట వెనక్కి తీసుకోమని అడుగుతున్నా. నేను కూర్చుని చూసిన సంగతి చెబుతాను.

లోబోలా అంటే అబ్బాయి తరఫువాళ్లు అమ్మాయి పుట్టింటికి ఇచ్చే పశువులు. పది ఆవులు, పైన అమ్మాయి తల్లికి ఒకటి. ఆ ఒక్కదాన్ని ఇంగ్కుతు అంటారు, అది తల్లి సొంతం, తండ్రి ముట్టుకోడు. అబ్బాయి తండ్రి నేరుగా వెళ్లడు, అబాఖోంగి అనే మధ్యవర్తులు వెళ్తారు. గేటు దగ్గర నిలబడి వంశ బిరుదులు చదువుతూ పిలుస్తారు. ఒక్కోసారి గంటల తరబడి నిలబెడతారు. ఇదంతా రెండు వంశాలు ఒకరికొకరు కట్టుబడటం. పిల్ల పుట్టింటివాళ్లు కూడా ఊరికే తీసుకోరు, పెళ్లినాడు అత్తింట్లో ప్రతి పెద్దకీ చాపలు, దుప్పట్లు పెట్టాలి.

ఆ "పది" అనే లెక్క ఎక్కడిదో చాలామందికి తెలీదు. 1869లో నటాల్ బ్రిటిష్ అధికారి థియోఫిలస్ షెప్‌స్టన్ పెళ్లి చట్టం తెచ్చి, మామూలు వాళ్లకి పది ఆవులే అని గీత గీశాడు. అంతకుముందు ఉన్నదాన్ని బట్టి ఇచ్చేవాళ్లు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఇచ్చేవాళ్లు. గరిష్ఠంగా గీసిన గీత క్రమంగా అందరూ ఇవ్వాల్సిన మొత్తమైపోయింది. సర్కారు కాగితం మీద రాసింది వందేళ్లలో తాతల నాటి ఆచారంగా మారిపోయింది.

నా బాధ ఇక్కడుంది. పశువుల్లేని కుర్రాడు, జొహానెస్‌బర్గ్‌లో సెక్యూరిటీ ఉద్యోగం చేసేవాడు పదకొండు ఆవులు ఎక్కణ్ణుంచి తెస్తాడు? డబ్బుగా ఇవ్వాలన్నా అతని జీతానికి అందదు. అందుకే మ్సింగాలో పెళ్లిళ్లే తగ్గిపోయాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలతో, పెళ్లికాకుండా పుట్టింట్లోనే ఉన్న ఆడవాళ్లు ప్రతి కొండ మీదా ఉన్నారు. సమస్య మాట చెడ్డదనో మంచిదనో తేల్చుకోవడంలో లేదు. ఆ ఆడవాళ్లకి ఇల్లు కట్టుకునే చోటు ఎవరిస్తారు అన్నదే ప్రశ్న.

పెదపాలెం రైతు:
కాలవగట్టు గారూ, కాలవ సంగతి చెప్పండి. ఎన్ని ఎకరాలు? వారబందీ (నీళ్లకి వంతుల లెక్క) ఉందా? చివరి భూములకి నీళ్లు అందుతాయా? మా ఊరు కాలవకి చివర. అందుకే అడుగుతున్నా.

కాలవగట్టు:
అన్నా, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా.

తుగేలా నది నుంచి తీసిన కాలవ అది, 1900 ప్రాంతంలో తవ్వారు. ఆయకట్టు సుమారు 800 హెక్టార్లు, మన లెక్కలో 2,000 ఎకరాలు. ఏడు బ్లాకులు. ఒక్కో మడి 0.1 హెక్టారు, అంటే దాదాపు మన పాతిక సెంట్లు. ఒక్కో కుటుంబానికి ఒకటి, రెండు, మహా అయితే నాలుగైదు మళ్లు. అంత చిన్న చెక్క మీద మొక్కజొన్న, చిలగడదుంప, టమాటా, క్యాబేజీ. గింజ ఎండేదాకా ఉంచరు, పచ్చి కంకులే అమ్ముతారు. పికప్ బండ్లలో వ్యాపారులు చేను దగ్గరికే వస్తారు. ధర మాట్లాడేది, కంకులు లెక్కపెట్టి ఎత్తేది అంతా ఆడవాళ్లే. మగవాళ్లు నగరంలో. చేలో వందమంది కనిపిస్తే ఎనభైమంది ఆడవాళ్లు ఉంటారేమో, అది నా కళ్లకి తోచిన లెక్క.

వారంలో బ్లాకుకి ఇన్ని రోజులని వంతు ఉంది. కాగితం మీద బాగానే ఉంటుంది. మట్టి మేట, పగిలిన సిమెంటు, పైనవాళ్లు వంతు దాటి మళ్లించుకోవడం... మీకు చెప్పక్కర్లేదు. కాలవ నీళ్లు సరిగా అందని చోట పంపు పెట్టి తోడతారు, ఆ డీజిల్ డబ్బు చందా వేసుకుంటారు. చివరి మళ్లవాళ్లు రాత్రి తడుపుతారు. నడుముకి దుప్పటి చుట్టుకుని, ఒక చేతిలో పార, మరో చేతిలో ఫోన్ లైటు పట్టుకుని తూము దగ్గర కూర్చున్న అరవై ఏళ్ల ఆవిణ్ణి చూశాను. ఆవిడకి ఆ మడి తన పేరు మీద లేదు. భర్తది, ఆయన పోయి పదేళ్లయింది.

పెదపాలెం రైతు:
పాతిక సెంట్లకి రాత్రంతా కాపలా. మా అమ్మా అలాగే కూర్చునేది.
కలుపు ఎలా తీస్తారు? కూలి ఎంత?

కాలవగట్టు:
కూలి ఇచ్చి పిలిచేది తక్కువ. ఇలిమా అని ఉంది, మన బదులు పని లాంటిది. ఒక ఇంటివాళ్లు పిలిస్తే చుట్టుపక్కలవాళ్లు వచ్చి కలుపు తీస్తారు, ఆ ఇంటివాళ్లు జొన్నలతో కాచిన ఉత్ష్వాలా అనే బీరు, తిండి పెడతారు. రేపు వాళ్లు పిలిస్తే వీళ్లు వెళ్తారు. పశువులకి ఉకుసిసా అని ఇంకో ఏర్పాటు. మంద ఉన్నవాడు లేనివాడికి ఒకటి రెండు ఆవుల్ని మేపుకోమని అప్పగిస్తాడు. పాలు మేపేవాడివి, దూడలు మాత్రం ఆసామివి. మధ్యమధ్యలో ఒక దూడని అతనికి ఇస్తాడు.

పెదపాలెం రైతు:
పాలుకి (అంటే వాటాకి) ఇవ్వడం! మా దగ్గర గేదెలకీ, మేకలకీ ఉండేది. అయితే వాళ్ల మందలు చెక్కుచెదరకుండా ఉన్నాయన్నమాట.

నల్లగొండ నర్సన్న:
కాలవగట్టు అన్నా, ఆ మాట వాపస్ తీసుకుంటున్న. తెల్వక అన్న. మా ఇంట్ల చెల్లెకు కట్నం ఇచ్చినప్పుడు ఎవ్వరు దాన్ని అమ్ముడు కొనుడు అనలే, ఆచారం అన్నరు. ఇది నేను ఇప్పుడే ఆలోచిస్తున్న.

కర్నూలు వకీలు:
భూమి సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెబుతాను. క్వాజులు-నటాల్‌లో పాత జులూ "హోమ్‌ల్యాండ్" (వర్ణవివక్ష కాలంలో జులూ వాళ్లకని విడిగా కేటాయించిన ప్రాంతం) భూమిలో చాలా భాగం, దాదాపు 28 లక్షల హెక్టార్లు, ఇంగోన్యామా ట్రస్టు కింద ఉంది. 1994 ఏప్రిల్‌లో, మొదటి ప్రజాస్వామ్య ఎన్నికలకి కొద్ది రోజుల ముందు ఆ చట్టం చేశారు. ధర్మకర్త జులూ రాజు. ఊళ్లో ఉన్నవాడికి పట్టా ఉండదు. ఇందునా చూపించిన చోట ఇల్లు కట్టుకుంటాడు, దున్నుకుంటాడు. ఆ హక్కు ఆచారం ప్రకారం గట్టిదే, కొడుక్కి వస్తుంది.

తర్వాత ట్రస్టు ఈ హక్కుల బదులు లీజు కాగితాలు రాయించుకుని ఏటా అద్దె అడగడం మొదలుపెట్టింది. తాత ముత్తాతల భూమిలో ఉన్నవాడు అద్దెదారు అయిపోయాడు. కొందరు పౌరులు, గ్రామీణ మహిళల ఉద్యమంవాళ్లు కోర్టుకెళ్లారు. 2021 జూన్‌లో పీటర్‌మారిట్స్‌బర్గ్ హైకోర్టు ఆ పని చట్టవిరుద్ధమని, వసూలు చేసింది తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పింది. భూమి నిజానికి దున్నేవాళ్లదే, ట్రస్టు వాళ్ల కోసం పట్టుకుని ఉంది అన్నది ఆ తీర్పు సారం. కాలవగట్టు గారు చెప్పిన ఆ తూము దగ్గర ఆవిడ పేరు ఎక్కడా రాసి లేకపోవచ్చు. రాసి లేదు కాబట్టి హక్కు లేదు అనే వాదాన్నే అక్కడ కొట్టేశారు.

కాలవగట్టు:
వకీలు గారికి వేయి నమస్కారాలు. పైన నేను వదిలేసిన ప్రశ్నకి జవాబు ఇక్కడే వస్తుంది.

మ్సింగాలో మ్చును, తెంబు వంశాల పెద్దల కింద భూమి సంగతుల మీద ఊరివాళ్లు చాలాసార్లు సమావేశమయ్యారు. ఆడవాళ్లు లేచి మాట్లాడారు. పాత పద్ధతిలో భూమి అడగాలంటే పెళ్లయిన మగవాడై ఉండాలి. పెళ్లిళ్లు జరగడం లేదు, పిల్లలు మాత్రం ఉన్నారు, అన్నదమ్ముల భార్యలు వచ్చాక ఆడపడుచుకి ఇంట్లో చోటు ఇరుకు. మరి ఆమె ఎక్కడికి పోవాలి? పిల్లలున్న పెళ్లికాని ఆడమనిషికి కూడా ఇంటిస్థలం ఇవ్వొచ్చని పెద్దలు ఒప్పుకుంటూ వచ్చారు. చాలాచోట్ల తండ్రో అన్నో పక్కన నిలబడి అడగాలి, అది నిజమే. అయినా ఇస్తున్నారు. బయట ఎవరో వచ్చి మార్చలేదు, ఆచారం తెలిసినవాళ్లే కూర్చుని మార్చుకున్నారు. ఆ లోయ పేరెత్తితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ సమావేశమే. ఒక ఆవిడ నిలబడి, తల మీద గుడ్డ సర్దుకుని, పెద్దల కళ్లలోకి చూడకుండా, గొంతు మాత్రం తగ్గించకుండా మాట్లాడింది.

డాక్టర్ రమణి:
స్వాతీ, మీ అమ్మగారికి టీబీ గురించి నేను చెబుతాను. నేను ఛాతీ ఆస్పత్రిలో పనిచేశాను, మా తరం డాక్టర్లందరికీ తుగేలా ఫెర్రీ అనే పేరు తెలుసు. 2006లో అక్కడి పరిశోధన బయటికొచ్చింది. దాదాపు ఏ మందుకీ లొంగని ఎక్స్‌డీఆర్ టీబీ 53 మందిలో దొరికింది. 52 మంది చనిపోయారు. కఫం ఇచ్చిన రోజు నుంచి సగం మంది 16 రోజులు కూడా బతకలేదు. హెచ్‌ఐవీ పరీక్ష చేసిన 44 మందికీ పాజిటివ్ వచ్చింది. కిక్కిరిసిన వార్డుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకింది. చనిపోయినవాళ్లలో ఆస్పత్రి సిబ్బంది కూడా ఉన్నారు.

కానీ తర్వాత జరిగింది ఎవరూ చెప్పరు. కిటికీలు తెరిచి గాలి ఆడేలా చేశారు, త్వరగా పరీక్ష చేశారు, హెచ్‌ఐవీ మందులు పల్లెపల్లెకీ చేరాయి. దక్షిణాఫ్రికా రోగులే పాల్గొన్న పరిశోధనలో బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్ కలిపి ఆరు నెలలిస్తే 109 మందిలో 90 శాతానికి నయమైంది. ఆ మందులతో కూడిన చికిత్స ఇప్పుడు మన దేశంలో కూడా ఇస్తున్నారు. మన రోగి మింగే మాత్ర వెనుక ఆ దేశపు రోగుల రుణం ఉంది. ఒక ఊరి పేరు జబ్బు పేరైపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. భయపడకుండా వెళ్లండి. ఇరుకు గదుల్లో మాస్కు పెట్టుకోండి, రెండు వారాలు దాటిన దగ్గుని వదిలేయకండి.

డర్బన్ నాయుడు:
నమస్కారం. నా తెలుగు చిన్నది, ఆదివారం బడిలో నేర్చుకున్నాను, తప్పులుంటే క్షమించండి. మా ముత్తాత తండ్రి విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చాడు, చెరకు తోటకి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే మొదటి ఓడ వచ్చింది. 1911 వరకు ఒక లక్షా 52 వేల మంది వచ్చారు. మా పెద్దలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టారు, అందువల్ల నేను ఈ అక్షరాలు రాయగలుగుతున్నాను.

ఆ చెరకు తోటలు ఎందుకు మన మనుషుల్ని తెచ్చాయి? జులూ మనుషులకి అప్పుడు సొంత పశువులు, సొంత చేను ఉన్నాయి. తోటలో కూలికి రాలేదు. తర్వాత పన్నులు వేశారు. 1906లో మగవాడికి తలకి ఒక పౌను పన్ను. గ్రేటౌన్ దగ్గర జోండి వంశం పెద్ద బంబత తిరగబడ్డాడు, న్కాండ్లా అడవుల్లోకి వెళ్లాడు, మోమె లోయలో చంపేశారు. స్వాతి గారు వెళ్లే దారి ఆయన ఊరి పక్కనుంచే. పన్ను కట్టడానికి మగవాళ్లు గనులకి వెళ్లారు. ఊళ్లో మగవాళ్లు లేకపోవడం అప్పటి నుంచి.

పెదపాలెం రైతు గారూ, మందల గురించి ఒక మాట. మ్సింగా పక్కన వీనెన్‌లో తెల్లవాళ్ల ఫారాల మీద కుటుంబాలు ఇసితుపా చేసేవి. ఇసితుపా అంటే ఆరు, ఏడాదికి ఆరు నెలలు జీతం లేని పని, బదులుగా ఉండటానికి చోటు. 1969లో ఆ పద్ధతి తీసేసి వేలమందిని వెళ్లగొట్టారు, ఇళ్లు కాల్చారు. పశువుల్ని చవకగా అమ్ముకున్నారు. చాలామంది మ్సింగాకి వచ్చారు. అందుకే అక్కడ అంత జనం, అంత తక్కువ గడ్డి, అన్ని గొడవలు.

కాలవగట్టు:
నాయుడు గారూ, మీ తెలుగులో తప్పు ఒక్కటీ లేదు.

గొడవల మాట వచ్చింది కాబట్టి దాచను స్వాతి గారూ. వంశాల మధ్య సరిహద్దు తగాదాలు, తుపాకులు అక్కడ చాలా ఏళ్లుగా ఉన్నాయి. 1983లో నీల్ ఆల్కాక్ అనే ఆయన రెండు పక్షాల మధ్య రాజీ కుదిర్చి వస్తూ కాల్పుల్లో చనిపోయాడు. తుగేలా ఒడ్డున మ్దుకత్షానీలో ఉంటూ మేత, నీళ్లు, పశువుల మీద ఊరివాళ్లతో కలిసి పనిచేసిన మనిషి. ఊళ్లో ఉద్రిక్తత ఉంటే మీ తోడు వచ్చే మనిషి ఆ రోజు వద్దంటాడు. వద్దంటే వెళ్లకండి, కారణం అడక్కండి. మామూలు రోజుల్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. రాత్రి డ్రైవింగ్ మాత్రం వద్దు, రోడ్డు మీద మేకలుంటాయి.

సీతమ్మధార స్వాతి:
అందరికీ చేతులెత్తి దండం. అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ అడిగింది ఒక్కటే: పెరుగు దొరుకుతుందా?

కాలవగట్టు:
అమ్మగారికి చెప్పండి: అమాసి ఉంటుంది. పాలు పులియబెట్టి, నీరు తీసేసిన గట్టి పెరుగు. పూర్వం సొరబుర్రలో తోడుపెట్టేవాళ్లు, ఇప్పుడు కొట్లో డబ్బాల్లో దొరుకుతుంది. మొక్కజొన్న పిండిని పొడిపొడిగా వండిన ఉపుతు మీద పోసుకుని తింటారు. వేసవిలో మన చద్దన్నంలో పెరుగు కలిపినట్టే. పాత ఇళ్లలో నేల పేడతో అలుకుతారు, ఆ వాసన మీకు ఇల్లు గుర్తు చేస్తుంది. లోపల వెనక గోడ దగ్గర ఉమ్సామో అనే చోటు పితృదేవతలది, అటు కాళ్లు చాపకండి.

డిసెంబరులో వెళ్తే ఇంకా బాగుండేది. జొహానెస్‌బర్గ్ నుంచి మగవాళ్లు టాక్సీల నిండా దుప్పట్లు, గిన్నెలు వేసుకుని వస్తారు, లోయ అంతా పెళ్లిళ్లు, డప్పులు. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు.

సీతమ్మధార స్వాతి:
(మార్చి నెల)
తుగేలా ఫెర్రీ నుంచి రాస్తున్నాను, సిగ్నల్ కోసం కొండ ఎక్కాను. గేటు దగ్గర "మ్వెలాసే" అని పిలవడం వచ్చేసింది. మొదట్లో క్లిక్ శబ్దాలకి పిల్లలు నవ్వారు, ఇప్పుడు సరిదిద్దుతున్నారు. నా ఇంటిపేరుకి బిరుదు ఏమిటని ఒక గోగో అడిగింది. గోత్రం చెప్పాను. రెండుసార్లు పలికించుకుని, మర్నాటి నుంచి గేటు దగ్గర నన్ను దాంతోనే పిలుస్తోంది.

పెదపాలెం రైతు గారూ, చివరి బ్లాకుకి వెళ్లాను. మీరూ కాలవకి చివరేనని అక్కడి ఆడవాళ్లకి చెప్పాను. మీ దగ్గర పైనవాళ్లు వంతు దాటి నీళ్లు మళ్లిస్తే ఎవరికి చెప్పుకుంటారో, జరిమానా ఉందో లేదో, అది నిజంగా వసూలవుతుందో లేదో వివరంగా రాసి పంపమన్నారు. వచ్చే నెల కాలవ కమిటీ సమావేశం ఉందట. నేను జులూలోకి మార్చి చదివిస్తాను. తొందరగా రాయండి.

పెదపాలెం రైతు:
ఈ రాత్రికే కూర్చుంటానమ్మా. మా నీటి సంఘంలో ఇరవై ఏళ్లుగా ఉన్న పెద్దాయన్ని కూడా అడిగి రాస్తాను. జరిమానా ఉంది. వసూలు సంగతి ఆయన చెప్పాలి.